కంప్యూటరుకు శిలాఫలకం

మద్దిరేవుల ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో మొక్క నాటినా, కుళాయి బిగించినా ముందు నల్లరాయి లేస్తుంది. ఆ చుట్టుపక్కలంతా గ్రానైటు గనులే కాబట్టి రాయికి కరువు లేదు. రాయి మీద పేరు చూసుకోవాలని ముచ్చటపడే పెద్దమనుషులకు అసలే కరువు లేదు. సైకిళ్ల షెడ్డుకు ఫలకం ఉంది, మూత్రశాలకు ఫలకం ఉంది, ప్రహరీ గోడకు పడిన కంత పూడ్చినందుకు కూడా ఒక ఫలకం ఉంది. నాటిన మొక్కలు చాలామటుకు ఎండిపోయాయి గాని వాటి ఫలకాలు మాత్రం ఏపుగా నిలబడి ఉన్నాయి. కొత్తగా చేరిన పిల్లలెవరైనా దారి అడిగితే "మంచినీళ్ల ఫలకం దగ్గర ఎడమకు తిరుగు" అని చెప్తారు. అక్కడ మంచినీళ్లు రావు. దారి చెప్పడానికి నీళ్లు అక్కర్లేదు కదా.

ఆ కాలేజీలో కోటిలింగం ఫిజికల్ డైరెక్టరు. ఊళ్లో అందరూ పీడీ గారంటారు. కుర్రతనంలో మంచి కబడ్డీ ఆటగాడు. ఇప్పుడు పొట్ట వచ్చింది గాని కూత పెడితే ఇప్పటికీ లైబ్రరీలో నిద్రపోయేవాళ్లు ఉలిక్కిపడి లేస్తారు. ఆయన కంప్యూటరు జోలికి వెళ్లింది హాలుటికెట్ల వేళ తప్ప లేదు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి హఠాత్తుగా ఆటల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. మామూలు ఆటల మీద కాదు. వాటికైతే మైదానం చదును చేయించాలి, బంతులు కొనాలి, పిల్లలకు గుడ్లు పెట్టాలి. కంప్యూటరు ముందు కూచుని ఆడే ఆటలకు ఈ బాదరబందీ ఏదీ లేదని ఎవరో చెవిన వేశారు. వెంటనే 'ఈ-క్రీడలు' అని పేరు పెట్టి, "యువత అంగుళ్యగ్రములయందు నిద్రాణమైయున్న శక్తిని జాతి పునర్నిర్మాణమునకు వినియోగించు నిమిత్తము" అని ఒక ఉత్తర్వు పంపారు. పేరులో క్రీడలు అని ఉంది కాబట్టి ఆ కాగితం నేరుగా కోటిలింగం బల్ల మీదకు వచ్చి పడింది.

ఆయన పోటీలు పెట్టాడు. మగపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చారు. వాళ్లందర్నీ ఫైనలియర్ బీయెస్సీ చదివే ఎస్తేరు వరసపెట్టి ఓడించింది. ఆ అమ్మాయి వాళ్ల మేనమామ బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడుపుతాడు. మధ్యాహ్నాలు ఆయన భోజనానికి వెళ్తే సెంటరు చూసుకునేది ఎస్తేరే. గిరాకీ లేనంతసేపూ ఆడుతూ కూచుని అంతదైంది. జిల్లాలో గెలిచింది, రాష్ట్రంలో గెలిచింది, నాగపూర్‌లో జరిగే అఖిల భారత పోటీకి ఎంపికైంది. అక్కడ మొదటి ఎనిమిది మందిలో నిలబడితే వచ్చే సర్టిఫికెట్టుతో యూనివర్సిటీలో స్పోర్ట్సు కోటా కింద పీజీ సీటు వస్తుంది. లేకపోతే ఇంక చదువు లేదు. వాళ్ల నాన్న గ్రానైటు పాలిషింగు యూనిట్లో బిల్లులు రాసే పనికి ఆమె గురించి అప్పుడే మాట్లాడి పెట్టాడు.

చిక్కల్లా ఒకటే. నాగపూర్‌లో ఎవరి కంప్యూటరు వాళ్లే తెచ్చుకోవాలి. బల్ల మీద ఇచ్చే చోటు తక్కువ కాబట్టి అది చిన్నదిగా ఉండాలి. పోటీ ఆట కాబట్టి గట్టిదిగానూ ఉండాలి. మేనమామ దగ్గరున్న మెషిన్లు బండల్లాంటివి, పైగా ముసలివి.

"పెద్ద డబ్బా అయితే ఏ పార్టయినా పడుద్ది సార్," అని ఎస్తేరు పీడీ గారికి విప్పి చెప్పింది. "చిన్నదాన్లో అట్టా కుదరదు. తెర మీద బొమ్మలు నడిపే గ్రాఫిక్స్ కార్డు వేలెడు పొడుగెక్కువైనా మూత పడదు. ఫ్యాను వేలెడు ఎత్తెక్కువైనా అంతే. కార్డు గట్టిదైతే కరెంటు ఎక్కువ లాగుద్ది. కరెంటు ఎక్కువైతే వేడి పుడుద్ది. ఆ వేడి పోను గాలి ఆడాల. ఒకటి మార్చామంటే అన్నీ మార్చుకోవాల్సిందే."

"అంటే ఏడుగురూ ఒకళ్లకొకళ్లు కుదరాలంటావు," అన్నాడు కోటిలింగం.

"అంతే సార్. కబడ్డీ టీమే అనుకోండి."

ఆ మాటతో ఆయనకు కంప్యూటరు మొత్తం అర్థమైపోయింది. "నీకు మెషినిప్పించే పూచీ నాది. నువ్వు ఆట చూసుకో," అని మాటిచ్చాడు. పాపం, కమిటీ సంగతి ఆయనకు అప్పటికి గుర్తు రాలేదు.

*

కొనుగోలు కమిటీకి ప్రిన్సిపాలు సర్వోత్తమరావు గారు అధ్యక్షులు. కంప్యూటర్ సైన్సు లెక్చరర్ని కమిటీలోకి తీసుకోలేదు. విషయం తెలిసినవాడు ఉంటే మిగతావాళ్ల అభిప్రాయాలను ప్రభావితం చేసే ప్రమాదం ఉందని ప్రిన్సిపాలు గారే కనిపెట్టారు. ఆయన బదులు పనుల శాఖ నుంచి ఏఈ భూషణాన్ని సాంకేతిక సభ్యుడిగా పిలిపించారు.

"ఇంజనీరు గారు దేనికి సార్?" అన్నాడు కోటిలింగం.

"ఆవిష్కరణ ఉంటుంది గదండీ పీడీ గారూ. ఆవిష్కరణ ఉన్నదంటే ఫలకం ఉంటుంది. ఫలకం ఉన్నదేదైనా నిర్మాణం కిందికే వస్తుంది. నిర్మాణమన్నాక ఏఈ గారు లేకుండా ఎట్లా?"

"ఫలకం గోడకు పెట్టిద్దాం సార్."

ప్రిన్సిపాలు గారు కళ్లజోడు తీసి జాలిగా చూశారు. "గోడకు పెడితే ఆవిష్కరించినది గోడ అవుతుంది. ఆ గోడను పోయిన యేడే ఆవిష్కరించాం. ఒకే ఆస్తికి రెండు పర్యాయములు ఆవిష్కరణ చేయరాదని ఆడిట్ వారి అభ్యంతరం ఉన్నది. అందుచేత ఫలకం సదరు యంత్రమునకే ఉండాలి."

దాంతో మొదట ఎంపిక కావలసింది డబ్బా అని తేలింది. ఎస్తేరు కోరిన డబ్బా మిఠాయి కొట్లో లడ్డూలు పెట్టిచ్చే పెద్ద అట్టపెట్టెంత ఉంది, చుట్టూ గాలి కోసం జాలీ. కమిటీ దాన్ని బొమ్మలో చూసి నిట్టూర్చింది. ఇంకాస్త పెద్దది, బీరువా సైజులో దొరకదా అని కామర్సు మేడం అడిగారు. బీరువా రైల్లో మోసుకుపోవడం కష్టమని కోటిలింగం విన్నవించుకున్నాడు. చివరికి ప్రిన్సిపాలు గారు ఉత్తర్వు తిరగేసి పరిష్కారం చెప్పారు.

"యంత్రము కాంపాక్టుగా ఉండవలెనని పోటీ నిబంధన ఉన్నది. కాదనలేం. డబ్బా చిన్నదే తెద్దాం. ఫలకం కాంపాక్టుగా ఉండాలని మాత్రం ఎక్కడా లేదు."

మిగతా భాగాల ఎంపిక మరుసటి సమావేశంలో జరిగింది. ఎస్తేరు చెప్పినవన్నీ నోటికి పట్టించుకుని వచ్చి కోటిలింగం పాఠం ఒప్పజెప్పినట్టు ఒప్పజెప్పాడు. కమిటీ భూషణం వైపు చూసింది. భూషణం ప్రతి భాగానికీ ఒకటే ప్రశ్న వేశాడు.

"బరువెంత?"

"బరువుతో పనేముందండీ? దాని వేగం..."

"వేగం మీ సైడు. లోడు నా సైడు. ముందర రాయి వేలాడతా ఉంటది. వెనక బరువు లేకపోతే బొక్కబోర్లా పడుద్ది. ఈ కార్డేదో ఉంది గదా, దీన్లో బరువైంది చూపియ్యండి."

గ్రాఫిక్స్ కార్డుల్లో బరువైనది కావాలనగానే కోటిలింగం కంగారుగా బయటికొచ్చి ఎస్తేరుకు ఫోను చేస్తే ఆ పిల్ల కిసుక్కున నవ్వింది. బరువైన కార్డుకే వేడి లాగే పెద్ద రాగి ముక్కా, పెద్ద ఫ్యాన్లూ ఉంటాయట. అదే గట్టి కార్డట. తను భయపడి అడగలేదట. పవర్ సప్లై కూడా బరువుదే మంచిదట. ఆ డబ్బాలో పట్టేవాటిలో బరువైనవేవో రెండు పేర్లు చెప్పింది. కమిటీ బరువులు చూసి, తృప్తిపడి, ఏకగ్రీవంగా ఆమోదించింది. ఆ కాలేజీ చరిత్రలో సరైన నిర్ణయం జరగడం అదే మొదలు. అది కూడా వాళ్లకు తెలిసి జరగలేదు.

ప్రాసెసరు మాత్రం గండం తెచ్చిపెట్టింది. అగ్గిపెట్టెంత కూడా లేదు, బరువు అసలే లేదు. అలాంటి దానికి ముఖ్యమైన భాగమనే హోదా ఇవ్వడానికి కమిటీ ఒప్పుకోలేదు. "ప్రాధాన్యత లేని చిల్లర సామాను" కింద కొనుక్కోమన్నారు. చిల్లర సామానుకు కమిటీ పరిశీలన ఉండదు కాబట్టి ఎస్తేరు తనకు కావలసిందే తెప్పించుకుంది.

*

సామాన్లు వచ్చిన రోజు ఎస్తేరు స్పోర్ట్సు రూములో నేల మీద దుప్పటి పరిచి మెషిను బిగించింది. కార్డుకూ డబ్బా గోడకూ మధ్య వేలు దూరే సందు కూడా లేదు. వైర్లు జడ అల్లినట్టు అల్లి వెనక్కి తోసింది. మూత పడింది. మీట నొక్కితే తెర వెలిగింది. ఆట మొదలెట్టి, రెండు నిముషాలు కాగానే చుట్టూ మనుషులున్నారన్న సంగతి మరిచిపోయింది.

కోటిలింగానికి ఆ ఆట బొత్తిగా అర్థం కాలేదు. ఎవరో ఎవరినో కాలుస్తున్నారు, ఎందుకో తెలీదు. కాని ఆ పిల్ల మొహం ఆయనకు బాగా తెలుసు. కూత మీద అవతలి కోర్టులోకి వెళ్లినవాడి మొహం అలాగే ఉంటుంది. ఆయనకు చెప్పలేనంత సంతోషమైంది. "ఊపిరి బిగబట్టు," అన్నాడు తెలియకుండానే.

"బిగబట్టే ఉన్నా సార్," అంది ఎస్తేరు తెర మీంచి చూపు తిప్పకుండా.

మర్నాడు ఫలకం వచ్చింది. దాన్ని ట్రాక్టరు మీద తెచ్చారు.

అసలు ముందుగా అనుకున్నది పలక సైజు రాయి. కాని ప్రోటోకాల్ ఒకటుంది. మంత్రిగారి పేరు వేస్తే ఎంపీ గారి పేరు వెయ్యాలి. అది వేస్తే ఎమ్మెల్యే గారిది, వారు అలిగి ఊరుకోరు కాబట్టి మాజీ ఎమ్మెల్యే గారిది, కలెక్టరు గారిది, పురపాలక పెద్దలది, ఆ తర్వాత కమిటీది, చివర ప్రిన్సిపాలు గారిది, బిరుదులతో సహా. ఎస్తేరు పేరు ఎక్కడా లేదు. ఆమె ప్రోటోకాల్లో రాదు. రాయి ఆమె భుజాల ఎత్తు వచ్చింది.

దాన్ని డబ్బా ముందు భాగానికి బిగించారు. అంటే డబ్బాను తీసుకుపోయి రాయి వెనక అంటించారు. వదలగానే రాయి ముందుకు ఒరిగింది. నలుగురు పట్టుకోబట్టి సరిపోయింది. డబ్బా రేకు సొట్టపడింది.

భూషణం వచ్చి డబ్బా చుట్టూ తిరిగి, మూత తీసి లోపలికి తొంగిచూసి పెదవి విరిచాడు.

"ఇదేందండీ, లోపలంతా ఖాళీలే. ఇక్కడ ఖాళీ, ఇక్కడ ఖాళీ. రాయి ఎట్టా నిలబడుద్ది? ఎవరు కట్టారు దీన్ని?"

"ఆ ఖాళీలు గాలి ఆడడానికి సార్," అంది ఎస్తేరు.

"గాలి లోడు మొయ్యదమ్మా," అన్నాడు భూషణం ఓపిగ్గా. ముప్పై ఏళ్ల సర్వీసున్న మనిషి, చిన్నపిల్లతో వాదన ఏమిటని అంతటితో ఆపేశాడు.

ఆ మధ్యాహ్నం శాలువాలూ పూలదండలూ తెమ్మని కోటిలింగాన్ని జిల్లా కేంద్రానికి పంపారు. ఆయన సాయంత్రం శాలువాల మూటతో తిరిగొచ్చేసరికి స్పోర్ట్సు రూములో మేస్త్రీ తాపీతో డబ్బా పైభాగం నున్నగా దిద్దుతున్నాడు. జాలీ కంతల్లోంచి సిమెంటు పాలు కారి గట్టిపడుతున్నాయి. ఎస్తేరు గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఏడవడం అప్పటికే అయిపోయినట్టుంది.

"ఏం చేశారయ్యా ఇది?" అన్నాడు కోటిలింగం.

"ఖాళీలు పూడ్చామండీ," అన్నాడు భూషణం. "మంచి మాలు. సన్న కంకర నేనే దగ్గరుండి జల్లెడ పట్టించా. పార్టులేవీ తీసెయ్యలా, ఎక్కడివక్కడే ఉన్నయ్, మీరేం కంగారుపడమాకండి. ఇంక జన్మలో కదలవు. మీటా, లైటూ వదిలేశాం. లైటుకి బయటనించి వైరిచ్చాం. రోజూ పొద్దునా సాయంత్రం నీళ్లు కొట్టాల. గోనె చుట్టి కొడితే ఇంకా మంచిది."

కంప్యూటరు సంరక్షణ బాధ్యత పీడీ గారిది కాబట్టి, ఆవిష్కరణ దాకా దానికి గోనె చుట్టి నీళ్లు పోసే పని కూడా ఆయనకే రాసిపెట్టారు. ఆయన పోశాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆయనకే సిగ్గేస్తుంది గాని, ఉద్యోగం అలవాటు అలాంటిది, బకెట్టు చేతికిస్తే మనిషి పోస్తాడు.

*

ఆవిష్కరణ దివ్యంగా జరిగింది. మంత్రిగారు తెర లాగారు. చప్పట్లు మోగాయి. మంత్రిగారు తన పేరు చదువుకున్నారు. ఎంపీ గారు తన పేరు చదువుకున్నారు. మాజీ ఎమ్మెల్యే గారు తన పేరు కొంచెం కిందికి పడిందని పక్కాయనతో గొణిగారు. అందరి చదువులూ అయ్యాక మంత్రిగారు "కంప్యూటరేదీ?" అని అడిగారు. రాయి వెనక్కి తీసుకెళ్లి చూపించారు. ఆయన మీట నొక్కితే పచ్చలైటు వెలిగింది.

"చిన్నదైనా దిట్టంగా ఉందే," అన్నారు మంత్రిగారు తట్టి చూసి.

"వందేళ్లదాకా ఢోకా లేదు సార్," అన్నాడు భూషణం.

క్రీడాకారిణి ఆడుతున్నట్టు ఫొటో కావాలన్నారు. ఎస్తేరును తెచ్చి కీబోర్డు ముందు కూచోబెట్టారు. తెర నల్లగా ఉంది. ఆ పిల్ల కోటిలింగం వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఎస్తేరు నల్లటి తెర మీద చూపు నిలిపి వేళ్లు కదిపింది. "ఏకాగ్రత చూశారా," అన్నారు ప్రిన్సిపాలు గారు. మర్నాడు ఆ ఫొటో అన్ని పేపర్లలో పడింది. ఇలాంటి యంత్రం అన్ని కాలేజీల్లోనూ నెలకొల్పాలని పై నుంచి అభినందన కూడా వచ్చింది.

నాగపూర్ పోటీ దగ్గరపడింది. కోటిలింగం ప్రిన్సిపాలు గారి గదికి వెళ్లి నిలబడ్డాడు.

"ఆ పిల్లకి ఇంకో మెషిను ఇప్పించాల సార్."

"ఒకటి పనిచేస్తూ ఉండగా రెండవది ఎట్లా కొంటామండీ?"

"అది పనిచెయ్యట్లేదు సార్. దాన్లో కాంక్రీటుంది."

"పీడీ గారూ, పనిచేయుచున్నట్టు మంత్రివర్యుల సమక్షంలో లైటు వెలిగింది. వెలిగినట్టు అందరం సంతకాలు చేశాం, మీరూ చేశారు."

"పోనీ దాన్నే పట్టుకుపోతాం. లారీ మాట్లాడండి."

"ఆవిష్కరించిన ఫలకాన్ని స్థానభ్రంశం చేస్తే ప్రోటోకాల్ ఉల్లంఘన. ఆ పైన ఏఈ గారు దాన్ని స్థిరాస్తిగా ధ్రువీకరించారు. స్థిరాస్తి లారీ ఎక్కదు." ప్రిన్సిపాలు గారు కొంచెం ఆలోచించి ఊరడింపుగా అన్నారు. "నాగపూర్ వారినే పోటీలు ఇక్కడ పెట్టుకోమని రాశాం. వారి దగ్గరనుంచి జవాబు రాలేదు. వారిది బాధ్యతారాహిత్యం."

*

రైలు రోజున ఎస్తేరు సంచి తగిలించుకుని, చెప్పిపోదామని కాలేజీకి వచ్చింది. స్పోర్ట్సు రూము ముందు గుంపు ఉంది. లోపల కోటిలింగం చొక్కా విప్పేసి, బనీను మీద, క్రికెట్ పిచ్ తవ్వే గునపం పట్టుకుని ఉన్నాడు.

"సార్, ఏంది సార్ ఇది?"

"కార్డన్నా బయటికి తీస్తా. మీ మామ మెషిన్లో పెట్టుకుని పట్టుకుపో. నేనూ వస్తా, ఇద్దరం మోద్దాం."

"నీళ్లు తాగింది సార్ అది. వచ్చినా పనికిరాదు."

"ఆ నీళ్లు పోసింది నేనే," అన్నాడు కోటిలింగం. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. అంత కోపం ఆయనకు ఎవరి మీదా రాలేదు, తన మీద వచ్చినంత.

గునపం ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బకే ఫలకం ముక్కలైంది. మంత్రిగారు ఒక మూలకు, ఎంపీ గారు బెంచీ కిందకు, ప్రిన్సిపాలు గారి బిరుదులు గుమ్మం దాకా పోయి పడ్డాయి. రెండో దెబ్బ డబ్బా మీద పడింది. రేకు చిరిగింది. కాంక్రీటు కదల్లేదు. మళ్లీ కొట్టాడు. నిప్పురవ్వలు లేచాయి గాని పెచ్చు కూడా ఊడలేదు. కబడ్డీలో ఏడుగురిని ఈడ్చుకొచ్చిన చేతులవి. కొట్టి కొట్టి గునపం మొన వంగిపోయింది.

ప్రిన్సిపాలు గారూ, మరేదో బిల్లు పనిమీద వచ్చిన భూషణమూ పరుగెత్తుకొచ్చారు. ప్రిన్సిపాలు గారు గుమ్మంలోనే వంగి తన బిరుదుల ముక్కలు ఏరుకున్నారు. భూషణం డబ్బా దగ్గరికి వెళ్లి వంగి, చేత్తో తడిమి చూశాడు. ఆయన హయాంలో పోసిన కల్వర్టు తొలి వానకే కొట్టుకుపోయింది. ఆయన కట్టించిన బస్ షెల్టరు ఒక గేదె ఒళ్లు రుద్దుకుంటే కూలింది. ఆయన వేసిన రోడ్డు మీద ఇప్పుడు నాట్లు వేస్తున్నారు. అలాంటి మనిషి జీవితంలో మొదటిసారి, తాను పోసిన కాంక్రీటు గునపానికి పగలకుండా నిలబడడం చూశాడు. ఆయనకు కళ్లనీళ్లు తిరిగాయి.

"చూశారా సార్," అన్నాడు గద్గదంగా. "మనసు పెట్టి చేస్తే మా శాఖ చెయ్యలేనిది లేదు."

"పీడీ గారూ, మీకు మెమో ఇస్తున్నాను," అన్నారు ప్రిన్సిపాలు గారు లేచి నిలబడి. "ఇక్కడే నిలబడండి. కదలకండి."

ఎస్తేరు ముందుకొచ్చి కోటిలింగం చేతిలోంచి గునపం మెల్లగా తీసుకుంది.

"వదిలేయండి సార్. బండికి టైమయింది."

"ఏం పెట్టుకుని ఆడతావమ్మా అక్కడ?"

"మొదటి రోజే కొంతమంది ఓడిపోతారు గదా సార్. నా ఆట చివర్లో పెట్టమని అడుగుతా. ఓడిపోయినోళ్ల దగ్గరికి పోయి, మీ మెషిను ఒక్క ఆటకి ఇస్తారా అని బతిమాలుకుంటా. ఎవరో ఒకరు ఇయ్యకపోతారా."

కోటిలింగం చొక్కా తొడుక్కున్నాడు. ప్రిన్సిపాలు గారు మెమో రాయడానికి కాగితం కోసం అటెండరును కేకేస్తున్నారు. భూషణం డబ్బా ముందు నిలబడి సెల్లులో ఫొటోలు తీసుకుంటున్నాడు. కోటిలింగం వాళ్లిద్దర్నీ దాటుకుని, స్టేషను దాకా దిగబెడదామని ఎస్తేరు భుజం మీది సంచి తీసుకున్నాడు. మొయ్యడానికి అందులో ఏమీ లేదు. రెండు జతల బట్టలూ, ఒక కీబోర్డూ ఉన్నాయి.